చండీగఢమునందలి కుర్చీలు



సాధారణముగా మనవారు తీర్థయాత్రలకు పోయివచ్చి క్షేత్రమాహాత్మ్యములను వ్రాయుదురు. నేను ఈ వేసవి సెలవులలో చూచివచ్చిన నగరమునకు స్థలపురాణము లేదు. దాని వయస్సు మా అత్తగారి వయస్సుకంటె నాలుగైదేండ్లు మాత్రమే యెక్కువ. అట్టి నగరమును గూర్చి, అందును గుడులను గూర్చి కాక కుర్చీలను గూర్చి వ్రాయబూనుట కొందరికి నవ్వు పుట్టింపవచ్చును. కాని మాయింటి భోషాణమును గూర్చిన యొక తగవును ఆ కుర్చీలే తీర్చినవి గనుక వ్రాయుచున్నాను.

ఆ భోషాణము మా మామగారి నాయనమ్మ కాపురమునకు వచ్చినపుడు సారెతో వచ్చినది. మంచి తేకుతో చేసినది. నలుగురు పట్టినగాని కదలదు. పై మూతకు ఇత్తడి బందులు, ముందువైపున చిలుకల జత చెక్కడము గలవు. మూత లోపలివైపున “విళంబి సం॥ మాఘమాసము” అని ఉలితో చెక్కిన యక్షరములున్నవి. మాయింట మూడుతరములవారు అందులో ఇత్తడిసామానులు, శీతకాలపు బొంతలు, మామిడితాండ్ర దాచుకొనిరి.

మా అమ్మాయి ఈ యేడు కళాశాలలో చేరవలసియున్నది. ఉపాధ్యాయుని జీతముతో నడచు సంసారమునకు ఆ రుసుము చిన్నది కాదు. ఇట్లుండగా పాతసామానులు కొను వర్తకుడొకడు మా యూరికి వచ్చి, భోషాణమును నలుప్రక్కల ఫోటోలు తీసి, “అమ్మగారూ! దీనిని అంతర్జాలపు అంగడిలో పెట్టి విదేశమునకు పంపెదను. మీకు లక్షన్నర ఇచ్చెదను” అనెను. అంతకుముందు అదే భోషాణమునకు మా యూరి కలపవాడు ఎనిమిదివేలు కట్టియుండెను. నాకు ప్రాణము లేచివచ్చినట్లయ్యెను. అయితే ఆ వర్తకుడు ఒక చిన్న కాగితముపై మావారి సంతకము కోరెను. ఆ కాగితపు సంగతి తరువాత చెప్పెదను. మావారు వెంటనే సంతకము చేయక, “చండీగఢమునుండి తిరిగి వచ్చిన పిమ్మట చూచెదము” అనిరి. అప్పటికే మేము మా వదినగారి యింటికి ప్రయాణమై యుంటిమి. అన్నయ్యగారికి అచ్చట బ్యాంకులో ఉద్యోగము.

విజయవాడలో రైలెక్కి ఢిల్లీ చేరితిమి. అచ్చటినుండి చండీగఢము సుమారు 250 కిలోమీటరులు. దారిలో పానిపట్టు, కర్నాలు, కురుక్షేత్రము, అంబాలా స్టేషనులు వచ్చును. చిన్ననాట మా తండ్రిగారు నాచేత భారతము చదివించునపుడు కురుక్షేత్రమనగనే నా కన్నులకు రథములును, విరిగిన ధ్వజములును గోచరించుచుండెడివి. ఇప్పుడు కిటికీలోనుండి చూడగా గోధుమ కోసిన మోళ్లును, చెరువులో మునిగిన గేదెలును, టీ అమ్ము పిల్లవాడును కనబడిరి. పదునెనిమిది యక్షౌహిణులు నశించిన నేల గోధుమలు పండించుకొనుచు నెమ్మదిగా నున్నది.

చండీగఢము పుట్టుట కూడ ఒక యుద్ధమువంటి దుఃఖమునుండియే. 1947లో దేశము విభజింపబడి లాహోరు పాకిస్తానులో చేరగా, మనవైపు పంజాబునకు రాజధాని లేకపోయెను. శివాలిక కొండల పాదమున క్రొత్త నగరమును కట్ట సంకల్పించిరి. మొదట అమెరికావాడైన ఆల్బర్టు మేయరు పటము గీచెను. ఆయనకు తోడుగానున్న నోవిట్స్కీ 1950లో విమానప్రమాదమున మరణించెను. 1951లో లె కార్బూజియే అను ప్రసిద్ధ వాస్తుశిల్పియు, ఆయన జ్ఞాతియగు పియెర్ జానరేయు ఫ్రాన్సునుండి వచ్చిరి. ఇంగ్లండునుండి మాక్స్‌వెల్ ఫ్రైయు, తానును వాస్తుశిల్పినియైన ఆయన భార్య జేన్ డ్రూయు వచ్చిరి. మన స్త్రీలు సంతోషింపదగిన మాట యొకటి: ఆ బృందములో యూలీ చౌధురి యను భారతీయ వనితయు పనిచేసెను. మనదేశపు తొలి వాస్తుశిల్పినులలో ఆమె యొకతె. నేను చెప్పబోవు కుర్చీల కల్పనలో ఆమెకును భాగము కలదు.

నగరము సెక్టారులుగా భాగింపబడినది. ఒక్కొక్కటి 1200 మీటరుల పొడవు, 800 మీటరుల వెడల్పు. ప్రతిదానిలో అంగళ్లు, బడి, పచ్చిక బయళ్లు ఉండునట్లు ఏర్పాటు. మా వదినగారు “ఇక్కడ దారి తప్పినవాడు లెక్క రానివాడే” యని నవ్వెదరు. కాని నేను రెండుసార్లు తప్పితిని. అన్ని మలుపులును ఒక్కరీతిగా నుండును. మన యూళ్లలోవలె రావిచెట్టు ప్రక్కన, బావి యెదుట అను గుర్తులకు అచ్చట తావు లేదు.

గుర్తింపు పత్రములు చూపి, మార్గదర్శి వెంట శాసనసభ, సచివాలయము, హైకోర్టు గల ప్రాంగణమును చూచితిమి. 2016లో ఐక్యరాజ్యసమితివారి యునెస్కో సంస్థ దానిని ప్రపంచవారసత్వ స్థలముగా గుర్తించినది. గాలికి తిరుగు పెద్ద లోహపు అరచేయి 26 మీటరుల యెత్తున నిలిచియున్నది. ఇచ్చుటకును పుచ్చుకొనుటకును తెరచిన చేయి యని దాని భావము. నాకు మాత్రము ఆ కట్టడముల కఠినపు గోడలకంటె లోపలి కుర్చీలే మనసునకు హత్తుకొన్నవి.

క్రొత్త నగరమనగా వేలకొలది కుర్చీలు, బల్లలు, బీరువాలు కావలెను గదా! దూరదేశమునుండి తెప్పించుటకు ధనము లేదు. ఇచ్చట వడ్రంగులున్నారు, కలపయున్నది. అందుచేత జానరే మొదలగువారు నమూనాలు గీయగా, ఇచ్చటి వడ్రంగులు తేకుతోను శీశముతోను చేసిరి. శీశమనగా పెద్దలు శింశుపయని చెప్పు వృక్షము. అశోకవనమున సీతమ్మవారికి నీడయిచ్చినది శింశుపయే గదా యని నేనొక కుర్చీచేతిని నిమిరితిని. కాళ్లు తలక్రిందులుగా తెరచి నిలిపిన పటకారువలె నుండును. కూర్చుండు తావును, వీపు ఆనుకొను తావును పేముతో అల్లుదురు. గాలి యాడును, చెమట పట్టదు, అల్లిక తెగిన మరల అల్లించుకొనవచ్చును. ఆడంబరము లేదు. గుమాస్తాకును, విద్యార్థికిని, న్యాయమూర్తికిని తగినట్లుగా భేదములు మాత్రము గలవు. ఏ కార్యాలయమునకు చెందినదో వెనుకవైపున రంగుతో అక్షరములు వ్రాసియుంచిరి. 5వ సెక్టారులో జానరే నివసించిన 57వ నెంబరు ఇల్లు ఇప్పుడు ప్రదర్శనశాలగా నున్నది. ఆయన 1965 వరకు ఈ నగరముననే యుండెను. 1967లో మరణింపగా, ఆయన కోరిక ననుసరించి చితాభస్మమును సుఖ్నా చెరువులో కలిపిరి. పరదేశి యొకడు మన నీటిలో కలిసిపోవలెనని కోరుట విని నా కన్నులు చెమర్చినవి.

ఇక ఆ కుర్చీల దుర్గతి వినుడు. నలుబదియేండ్లు గడచుసరికి అల్లికలు తెగినవి, కాళ్లు ఊగులాడినవి. క్రొత్త ఇనుప కుర్చీలు, మెత్తలు కుట్టిన కుర్చీలు వచ్చినవి. పాతవి మిద్దెలపైన, మెట్లక్రింద, వానలో ఎండలో గుట్టలుగా పడియుండెను. కార్యాలయములవారు తుక్కు క్రింద వేలము వేసిరి. పారిసునుండి వచ్చిన వర్తకులు కొందరు వాని విలువ గుర్తించి, మూటలుగా కొని, ఓడల కెక్కించుకొని పోయిరి. అచ్చట బాగుచేసి, మెరుగు పెట్టి, జానరే పేరు చెప్పి అమ్ముచుండగా ధర లక్షలకు పోయెను. నగరపటము అచ్చుపోసిన వీధి మురుగుగుంట ఇనుపమూతలు సైతము విదేశపు వేలములకు ఎక్కినవి. ఆమీ సీగెల్ అను అమెరికా వనిత 2013లో ఈ కుర్చీల ప్రయాణమును వెనుకకు నడిపించుచు, ధనికుల గృహములనుండి చండీగఢము వరకు, ఒక చలనచిత్రము తీసెను. 2011లో కేంద్ర హోంమంత్రిత్వశాఖవారు ఇట్టి సామగ్రి అమ్మకమును నిషేధించిరి. తరువాత లెక్కవేయగా నగరములో ఇంకను 12,000కు పైగా వస్తువులు మిగిలియున్నట్లు తేలెను.

ఒకనాటి రాత్రి భోజనములైన పిమ్మట మా మేనల్లుడు, “అత్తయ్యా! ఆ కుర్చీలు ఇప్పుడెక్కడ అమ్ముదురో చూపెదను రా” యని తన కంప్యూటరు తెరచెను. ఫస్ట్ డిబ్స్ అను అంగడి యట. ఈ శతాబ్దారంభమున మైకేల్ బ్రూనో అను అమెరికా దేశీయుడు పారిసులోని పాతసామానుల సంతను చూచి, అచ్చటి వర్తకుల సరకును ఇంటినుండియే చూచుకొను వీలు కల్పింపవలెనని దానిని స్థాపించెను. చేరిష్ అనునది 2013లో పుట్టినది. మొదటిదానిలో పరీక్షించి చేర్చుకొన్న వర్తకులు అమ్ముదురు. రెండవదానిలో గృహస్థులును తమ వస్తువులను పెట్టవచ్చునట.

ఆ అంగడి పద్ధతి చూడగా నాకు పెండ్లిచూపులు జ్ఞప్తికి వచ్చినవి. వస్తువును ముందు, వెనుక, ప్రక్కల, అడుగున కూడ ఫోటో తీయుదురు. పొడవు వెడల్పులు సెంటీమీటరులతో సహా చెప్పుదురు. ఏ కలప, ఏ కాలము, ఎచ్చట చేసినది, ఎవరి కల్పన, ఎచ్చట గీతపడినది, ఏ కాలు మార్చినది, పేము క్రొత్తదా పాతదా – అన్నియు వ్రాయవలెను. లోపము దాచినచో సరకు తిరిగివచ్చును, పేరు పోవును. ధరపై బేరమాడవచ్చును. అమ్మకమైన పిదప అంగడివారు తమ వాటా తీసికొందురు. కొయ్యపెట్టెలో బిగించి, భీమా కట్టి, ఓడమీదనో విమానముమీదనో పంపుదురు. శీశము మొదలగు జాతి కలపలకు 2017 మొదలు అంతర్జాతీయ నిబంధన ననుసరించి అనుమతి పత్రములు కూడ కావలెను.

“ఒరే! తుక్కులో నూరు రూపాయలకు పోవు కుర్చీ ఇచ్చట లక్షలేల?” యని యడిగితిని.

“దాని పుట్టుపూర్వోత్తరములకు, అత్తయ్యా! వెనుకనున్న రంగు అక్షరములు చూడు. అవి చెరిగినచో సగము ధర పోవును. ఇప్పుడు క్రొత్త కుర్చీలు చేసి, పాతవానివలె గీతలు పెట్టి, అక్షరములు కూడ వ్రాసి మోసగించువారు బయలుదేరిరి. క్రొత్తవని చెప్పియే అందముగా చేసి అమ్ము మర్యాదస్థులును ఉన్నారు” అని వాడు చెప్పెను.

అప్పుడు నేను మా వర్తకుని కాగితమును గూర్చి చెప్పితిని. ఆ కాగితము ఇది: “ఈ భోషాణము 1959లో చేయించినది” అని మావారు వ్రాసి యియ్యవలెను. మనదేశమున 1972నాటి పురావస్తువుల చట్టము కలదు. నూరేండ్లు నిండిన వస్తువును ప్రజలు విదేశమునకు పంపరాదు. చండీగఢపు కుర్చీలకు ఇంకను నూరేండ్లు నిండలేదు గనుకనే ఆ చట్టము వానిని ఆపలేకపోయినది. మా భోషాణపు విళంబి 1899 ప్రాంతపుది, కాబట్టి అది నూరు దాటినది. వర్తకుడు చదువుకొన్నవాడు. “అమ్మగారూ! విళంబి అరువదియేండ్ల కొకసారి వచ్చును గదా. 1959 మాఘముకూడ విళంబియే. మీరు అక్షరములు చెరుపనక్కర లేదు, అబద్ధమాడనక్కర లేదు. ఏ విళంబియో మాత్రము చెప్పుడు” అని నవ్వెను. నిజము చెప్పవలెనన్న, ఆ మాట విన్నపుడు నాకది అబద్ధముగానే తోచలేదు. అమ్మాయి రుసుము కన్నులయెదుట నిలిచి, ధర్మమును సంవత్సరచక్రమున త్రిప్పివేసినది.

మరునాడు నేక్‌చందు నిర్మించిన శిలోద్యానము చూచితిమి. ఆయన రహదారుల పర్యవేక్షకుడు. 1957 మొదలు, ఎవరికిని తెలియకుండ, నగరనిర్మాణములో పారవేసిన పెంకులు, పగిలిన పింగాణి, విరిగిన గాజులు ఏరుకొని వచ్చి అడవిలో బొమ్మలు చేసెను. 1976లో దానిని ప్రజలకు తెరచిరి. గాజుముక్కలతో చీరలు కట్టిన స్త్రీమూర్తులు వరుసలుగా నిలిచియున్నారు. ఒక్క నగరముననే ఒకరు పారవేసినది పరదేశమున సంపదయైనది, మరియొకరు ఏరుకొన్నది ఇచ్చటనే కళయైనది. ఆ గాజుల స్త్రీల యెదుట నిలిచి నేను మా మామగారి నాయనమ్మను తలచుకొంటిని. ఆమెను నేను చూడలేదు, ఫోటోయైనను లేదు. ఆమె యీ లోకమున నుండెనని చెప్పునది ఆ మూతపై చెక్కిన విళంబి యొక్కటే. 1959 అని వ్రాసినచో భోషాణమునకు అరువదియేండ్లు తగ్గుట యటుండనిండు, ఆమె యింటికి వచ్చిన దినమే లేకుండపోవును.

ఆ సాయంకాలము మావారితో, “సంతకము వద్దు” అంటిని. ఆయన, “నీ నోట ఆ మాట రావలెననియే వేచియుంటిని. నేను ముందుగా వద్దనియుంటినేని అమ్మాయి చదువునకు నేనే అడ్డుపడితినని నీకు జీవితాంతము ముల్లుగా నుండును” అనిరి.

ఇంటికి వచ్చి వర్తకునికి కబురంపితిమి. అతడు “మీ యిష్టము” అని వెడలిపోయెను. మావారు ఉపాధ్యాయుల సహకార సంఘములో అప్పు తీసికొనిరి. రెండేండ్లు నెలనెల కొంత కోత పడును. నేను పాలవాడుక తగ్గించితిని. ఇది గొప్పగా చెప్పుట లేదు. ఇట్లు చేయలేని యింటివారు సంతకము చేసిన నేను తప్పు పట్టజాలను.

మా అమ్మాయి మాత్రము చండీగఢపు సంగతి విని ఒక పని చేసినది. అత్తగారి నడిగి, భోషాణపు కలప, కొలతలు, చేయించిన యేడు, మార్చిన బందులు, ఎవరి సారెతో వచ్చినదియు ఒక కాగితముపై వ్రాసి మూతలోపల అంటించినది. అత్తగారు కళ్లజోడు పెట్టుకొని చదివి, “మామిడితాండ్ర మాట వ్రాయలేదేమే?” యనిరి. ఆ వాక్యమును కూడ చేర్చినాము.

సోదరీమణులారా! మీ యిండ్లలో ఉయ్యాలబల్లలు, పడకకుర్చీలు, సారెపెట్టెలు ఉండియే యుండును. అవసరము వచ్చినపుడు అమ్ముకొనుటలో తప్పు లేదు, వస్తువు మనిషికొరకే. కాని అమ్మకముందు దాని కథ వ్రాసి యుంచుకొనుడు. తుక్కువానికి చూపకముందే కొలతలు వేసి, ఫోటో తీసి, వయస్సు తెలిసికొనుడు. పెద్దవారు ఉండగనే అడుగుడు. ఆ సంగతులు వారితోనే పోవును, ఏ యంగడిలోను మరల దొరకవు.