సూది లేవని మీటరు

మొన్న మా రొయ్యల గుంటల కాడ జనరేటర్‌కి ఇంజన్ మార్చాం. మైపాడు దోవలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. పగలు పోతే ఎలాగో నెట్టుకొస్తాం. తెల్లవారుజామున పోతేనే భయం. రాత్రంతా రొయ్యలతో పాటు నీళ్లలోని నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది కాబట్టి ఆ వేళకి అది అడుగంటుతుంది. ఏరేటర్లు ఆగకూడదు.

కొత్త ఇంజన్ (మాకు కొత్త, అంతే!) చక్కగా స్టార్టయింది. ఆర్‌పీఎం మీటర్ సూది మాత్రం సున్నా మీదే ఉండిపోయింది. "మీటరెందుకన్నా, సౌండ్ వింటే తెలిసిపోదా" అన్నాడు మెకానిక్. మా ఆయన తలూపారు.

నాకు గుండె కలుక్కుమంది. 15 ఏళ్లుగా ఆ షెడ్డులో నిలబడి ఆయనకి చెవులు మందగించాయి. కుక్కర్ విజిల్ కూడా వినపడదు. పెద్ద చప్పుడులో రోజూ గంటలకొద్దీ ఉంటే చెవి లోపలి సన్నటి కణాలు చచ్చిపోతాయట, మళ్లీ పుట్టవట. బయటివాళ్ల ముందు మాత్రం ఒప్పుకోరు. ఇన్నాళ్లూ సూది చూసే స్పీడు సర్దుతున్నారు. 1500 దగ్గరుంటే 50 హెర్ట్జ్ వస్తుంది. బాగా తప్పితే ఏరేటర్ మోటార్లకే ముప్పు.

అందుకే ఎలక్ట్రీషియన్‌ని నేనే పిలిపించాను. "ఈయన ఊళ్లో లేనప్పుడు నేనే చూసుకోవాలి అబ్బయ్యా, నాకు సౌండ్లు తెలీవు. మీటరు కావాల్సిందే" అన్నాను. ఆయన నా వైపు చూసి ఊరుకున్నారు.

ఆ అబ్బాయి ముందు మీటరుకి 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూశాడు, వస్తున్నాయి. ఎర్తూ బాగానే ఉంది. "సిగ్నలే లేదక్కా" అన్నాడు. పాత ఇంజన్ మీద బ్యాటరీ ఛార్జింగ్ డైనమోకి డబ్ల్యు అనే టెర్మినల్ ఉండేది. మీటరు అక్కడి పల్సులు లెక్కపెట్టి స్పీడు చూపేది. ఈ ఇంజన్ డైనమోకి అది లేదు. పాత వైరుకి టేపు చుట్టి వదిలేశారు. డైనమో విప్పి, లోపలి వైండింగ్ నుంచి ఒక వైరు బయటికి తీశాడు.

సూది లేచింది, కానీ 1800 దగ్గర ఆగింది! మల్టీమీటరులో చూస్తే సరిగ్గా 50 హెర్ట్జ్. ఈ డైనమో పుల్లీ చిన్నదట, అందుకని ఎక్కువ తిరుగుతుందట. మీటరు వెనక స్క్రూ తిప్పి 1500కి తెచ్చాడు.

నెల్లూరులో చెవుల డాక్టర్ దగ్గరికి ఎప్పుడు పోదామని ఆ రాత్రే అడిగాను, గట్టిగానే. "సంక్రాంతి పోనీ" అన్నారు. ఏ సంక్రాంతో చెప్పలేదు.