వాడుక

ఈ నెల ఇంటర్నెట్ బిల్లు చూసిన దగ్గర్నుంచి మనసు బాగాలేదు. పోయిన నెల దాకా యాభై డాలర్లు, ఈ నెల ఎనభై అయిదు. స్పీడు అదే, పెట్టె అదే, గోడలోంచి వచ్చే తీగ అదే. కాంట్రాక్టుకి రెండేళ్లు నిండాయి, అంతే. ఆటోపే పెట్టుకున్నాం కనుక డబ్బు మాకు చెప్పకుండానే వెళ్లిపోయింది.

ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పాట వినిపించి, ఆఖరికి ఒకమ్మాయి పలికింది. ప్రమోషన్ గడువు తీరిపోయింది, ఇదే అసలు ధర అంది. మా పక్కింట్లో మొన్న దిగినవాళ్లకి యాభైకే ఇచ్చారు కదా అన్నాను. అది కొత్తవాళ్లకి అంది. ముప్ఫై అయిదు డాలర్లు ఎలాగో భరిస్తాను. పాతవాణ్ణయినందుకు అవి కట్టమంటే మాత్రం ఒళ్లు మండిపోతుంది.

అమెరికాలోని మా ఎడిసన్ ఊళ్లో తెలుగువాళ్లందరికీ తెలిసిన మందు ఒకటుంది. ఆయన పేరున ఉన్నది తీసేసి ఆవిడ పేరున కొత్తగా తీసుకోవడం, రెండేళ్లకి మళ్లీ ఆయన పేరుకి మార్చుకోవడం. ఓక్ ట్రీ రోడ్డులో దొండకాయలు ఏరుకుంటూ ఈ సలహా ఇచ్చినవాళ్లు నాకే ముగ్గురు తగిలారు. సరే, అదే చేశాం. పాత మోడెం తిరిగిచ్చెయ్యాలి. దసరాకి కారుకీ కంప్యూటర్‌కీ పెట్టినట్టే మా ఆవిడ దానికీ బొట్టు పెట్టింది. కౌంటర్ దగ్గర జేబురుమాలుతో ఎంత తుడిచినా, గాలి ఆడే సన్నటి సందుల్లో కుంకుమ ఎర్రగా ఉండిపోయింది. ఆ అబ్బాయి నంబరు స్కాన్ చేసి, రసీదు ఇచ్చి, దాన్ని వెనకున్న పెద్ద తొట్టిలో పడేశాడు. రెండేళ్లు వీడియో కాల్‌లో మా అమ్మ ముఖం మాకు కనిపించింది ఆ పెట్టె దయవల్లే.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని అనను. 2021 నాటి మౌలిక వసతుల చట్టం ఆదేశిస్తే, ఇక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2024 ఏప్రిల్ 10 నుంచి పెద్ద కంపెనీలకీ, అక్టోబర్ 10 నుంచి చిన్నవాటికీ ఒక పట్టీ తప్పనిసరి చేసింది. తినే వస్తువుల పొట్లాల మీద ఉండేలాంటిదే. ఇది పరిచయ ధరా, ఎన్నాళ్లుంటుంది, తర్వాత ఎంతవుతుంది, అన్నీ అందులో ఉండాలి. మంచి పనే. అయితే పట్టీ ధర ఎంత పెరుగుతుందో చెబుతుంది గాని, పెరగకుండా ఆపదు. పేద కుటుంబాలకి నెలకి 30 డాలర్ల దాకా ఆసరాగా ఉన్న పథకం నిధులు లేక 2024 జూన్ 1న ఆగిపోయింది. అందులో 2 కోట్ల 30 లక్షల ఇళ్లున్నాయి. పేరు మార్చుకునే కిటుకులు వాళ్లని ఏం ఆదుకుంటాయి? చాలా వీధుల్లోకి వచ్చే మంచి తీగ ఒక్క కంపెనీదే. ఇంకొకటి ఉన్నచోటా మారడం పెద్ద బెడద. పాతవాడు కదలడని వాళ్లకి తెలుసు. ఆ కదలకపోవడానికే ధర కడుతున్నారు.

మనకి 'వాడుక' అని ఎంత మంచి మాట ఉంది! తెనాలిలో మా ఇంటికి వాడుకగా పాలు పోసే ఆవిడ ఉండేది. కొత్తగా అడిగినవాళ్లకి కొలత ప్రకారం పోసేది. మాకు సోల నిండాక చెయ్యి వంచి ఇంకాస్త కొసరు పోసేది. అమ్మ అడగకపోయినా సరే. పండగ రోజు పాలు చాలకపోతే బయటివాళ్లకి లేవనేది, వాడుక ఇళ్లకి మాత్రం ఎక్కడో తెచ్చి పోసేది. బాకీ పడ్డ నెలలో కూడా గుమ్మం దాటిపోలేదు.

గేదె ఈనిందంటే మూడోనాటికల్లా జున్నుపాలు వచ్చేవి. వాటికి డబ్బు పుచ్చుకునేది కాదు, ఎవరికీ అమ్మేది కాదు, వాడుక ఇళ్లకే. అమ్మ బెల్లం కోరి, మిరియాలు దంచి వేసి, గిన్నె ఆవిరి మీద పెట్టేది. మూత తీసేదాకా మేం వంటింటి గడప మీదే కూర్చునేవాళ్లం. పాలగిన్నె తిరిగిచ్చేటప్పుడు అమ్మ ఉత్తది ఇచ్చేది కాదు. కడిగి, తుడిచి, గుప్పెడు బియ్యమో బెల్లం ముక్కో వేసి ఇచ్చేది. ఆవిడ అది కొంగున మూటగట్టుకుని, రేపు పొద్దున్న ఎన్ని సోలలు పొయ్యమంటారమ్మా అని అడిగి వెళ్లేది.