మా యింటి వేపబల్ల

ఈ నెల మా యింటిలో ఉన్న ఒక బల్లను గూర్చి వ్రాయుచున్నాము. ఇది చూచినవారు మెచ్చుకొనే బల్ల కాదు. నాలుగు కాళ్లున్నా మూడింటి మీదనే నిలుస్తుంది. నాలుగవ కాలి క్రింద మడిచిన అట్టముక్క పెట్టాము.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరము దాటినప్పుడు మా పల్లెలో చాలా చెట్లు కూలినవి. అందులో మా సంఘములోని ఒక మామ్మగారి వాకిట్లో ఉన్న వేపచెట్టు ఒకటి. వారి పెండ్లి అయిన సంవత్సరము ఆమె భర్త నాటిన చెట్టు అది. ఆయన గతించి పదకొండేండ్లు. పిల్లలు లేరు. గాలి తగ్గిన మూడవ రోజున మేమిద్దరము పరామర్శకు వెళ్లితే, ఆమె నీట మునిగిన వరిని గూర్చి గానీ, ఎగిరిపోయిన రేకులను గూర్చి గానీ ఒక్క మాట అనలేదు. "అయ్యగారూ, దీన్ని పొయ్యిలో పెట్టటానికి నాకు చేతులు రావటంలా. పాపకి చదువుకోటానికి బల్ల లేదుగా, దీంతో చేయించండి" అన్నది.

మా అమ్మాయి అప్పుడు పదవ తరగతి. మార్చిలో పరీక్షలు. నేల మీద చాప వేసుకొని, బోర్లా పడుకొని లెక్కలు చేసుకొనేది. మెడ నొప్పి అంటే తలగడ ఎత్తు పెట్టుకోమనేవాళ్లము.

చేయించండి అన్నది మామ్మగారు. మనమే చేద్దాము అనుకున్నది మేము. ఊరిలో ఆచారిగారు ఉన్నారు, అరవై దాటినా ఇంకా బాడిశ పట్టే మనిషి. ఆయనను పిలిస్తే కూలి ఇవ్వవలెను. పల్లె సంఘములో కాపరి జీతము ఎంతో మీకు చెప్పనక్కరలేదు. అయితే డబ్బు ఒక్కటే కారణమని వ్రాస్తే అది అబద్ధము. మా చేతులతో చేసిన బల్ల అని నలుగురికి చూపుకొనవలెనని కూడా ఉన్నది. యేసు ప్రభువు వడ్లవాడని ఎన్ని క్రిస్మసు ప్రసంగాలలో చెప్పామో లెక్క లేదు గానీ, ఉలి ఏ వైపు పట్టుకొనవలెనో మాకు తెలియదు. బైబిలు కళాశాలలో గ్రీకు అక్షరాలు నేర్పారు, చిత్రిక పట్టడము నేర్పలేదు.

కోతమిల్లులో మొద్దును అంగుళము మందము పలకలుగా కోయించి ట్రాక్టరు మీద తెచ్చాము. కోసిన మనిషి, "పచ్చిదండీ, ఇప్పుడే పనిలో పెట్టబాకండి" అన్నాడు. తల ఊపి వచ్చేశాము. మార్చి దగ్గర పడుతున్నది కదా. ఒక్కొక్క పలకను ఇద్దరము పట్టుకొంటే గానీ లేవలేదు. ఆ బరువులో సగము నీళ్లే అయి ఉండవచ్చునని అప్పుడు తోచలేదు.

జనవరి మొదటి వారములో పని మొదలుపెట్టాము. రంపమును గీత మీద కాదు, గీతకు అవతలగా నడపాలట. రంపము మందము కూడా చెక్కను తింటుందట. ఆ సంగతి తెలియక నాలుగు కాళ్లను నాలుగు పొడవులుగా కోశాము. పొడుగు కాలును పొట్టి కాలుతో సమానము చేయబోతే అది ఇంకా పొట్టిదయినది. ముప్పది అంగుళాల ఎత్తున అనుకున్న బల్ల ఇరవై ఏడు దగ్గర ఆగింది. మాలో ఎవరు కొలత తప్పారో ఇక్కడ వ్రాయము. ఆ విషయము ఇంకా తేలలేదు.

కుసి, బెజ్జము అనే మాటలే అప్పటికి వినలేదు. అంతా మేకులే. అంచుకు దగ్గరగా కొట్టిన మేకుకల్లా చెక్క చీలేది. ముందు బర్మాతో సన్నని రంధ్రము చేసి మేకు దించవచ్చునని మా ఇంట్లోవారు కనిపెట్టిన తరువాత కొంత నయము. పై పలకలను కదలకుండా నాలుగు వైపులా బిగించి కొట్టాము. గట్టిగా ఉంటుందని మా లెక్క. దాని మీద ప్రైమరు లేకుండా, గరుకు కాగితముతో రుద్దకుండా, నీలి రంగు ఎనామిలు చిక్కగా పూశాము. మంచు కురిసే రోజులు. మూడు రోజులైనా వేలు అంటుకొనేది. అయినా దీపము క్రింద ఆ నీలి బల్ల మీద పుస్తకము తెరిచి కూర్చున్న పిల్లను చూచి ఎంతో సంతోషించాము. మామ్మగారు ఒక ఆదివారము వచ్చి చెయ్యి వేసి చూచి, ఏమీ అనకుండా వెళ్లినారు. పిల్ల పరీక్షలు ఆ బల్ల మీదనే చదివి వ్రాసింది.

మే నెలలో ఒక రాత్రి తుపాకి ప్రేలినట్లు శబ్దమైతే దొంగలేమో అనుకొని లేచాము. బల్ల నడుమ పలక ఈ చివర నుండి ఆ చివరకు పగిలింది. తక్కినవి దోనెల వలె వంపు తిరిగినవి. రంగు పొంగి పెచ్చులు పెచ్చులుగా లేచింది. ఒక కాలు నేలను విడిచింది.

అప్పుడు మేము చేసిన పని చెప్పుకొనడానికి సిగ్గుగా ఉన్నది. బల్లను వెనుక గదిలోకి జరిపి దాని మీద దుప్పటి కప్పాము. మామ్మగారు వస్తే ముందు గదిలోనే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి మాట్లాడి పంపేవాళ్లము. బల్ల బాగున్నదా అని ఆమె అడిగితే, "పాప చదువుకొంటున్నదండీ" అనేవాళ్లము. అది అబద్ధము కాదు, నిజమూ కాదు. ఇట్లు రెండు నెలలు గడిచినవి. ఆ రెండు నెలలూ ప్రతి ఆదివారము మేము పులపిటు ఎక్కినప్పుడు ఆమె మొదటి వరుసలోనే కూర్చొని ఉండేది.

జూలైలో ఒకనాడు మేము ఇంట్లో లేని సమయములో ఆమె వచ్చి, దాహము వేసి నీళ్ల కోసము వెనుక గదిలోకి వెళ్లింది. మేము వచ్చేసరికి దుప్పటి మడతపెట్టి ఉన్నది. ఆమె పగులులో వేలు పెట్టి చూచుకొంటున్నది. మాకు నోట మాట రాలేదు. ఆమె మా వైపు తిరిగి, "ఇది మొదట్నించీ ఇంతేనండీ. మొక్కప్పుడే వంకర. ఆయన రెండేళ్లు గుంజ పాతి కట్టాడు, అయినా తిన్నగా నిలబడలా" అని నవ్వింది. తరువాత కొంగుతో కళ్లు తుడుచుకొన్నది. కాసేపటికి, "మిగతా పలకలైనా ఆచారికి చూపించండయ్యా" అన్నది.

ఆచారిగారు వచ్చి బల్లను చూచి నవ్వలేదు, అదే పదివేలు. ఆయన చెప్పినది ఇది. చెక్క ఆరేటప్పుడు వెడల్పున కుదించుకొంటుంది, పొడవున దాదాపు మారదు. వెడల్పున కదలడానికి చోటు లేకుండా మేకులతో బిగిస్తే పగలక ఏమి చేస్తుంది? పైగా మేము నడుమ వేసినది మొద్దు గుండెకాయ ఉన్న పలక, అది మరీ త్వరగా చీలుతుంది. తడి మీద రంగు వేస్తే లోపలి నీరు బయటకు రాబోయి రంగును నెట్టివేస్తుంది. అంగుళము మందానికి ఒక ఏడాది నీడలో ఆరనివ్వాలని వారి పెద్దల లెక్క. పలకకూ పలకకూ మధ్య సన్నని బద్దలు వరుసగా పెట్టి గాలి ఆడేటట్లు పేర్చాలి. కొనలు ముందుగా ఆరి చీలకుండా వాటికి కాస్త రంగు పూయాలి. ఇంత చెప్పి సగము రోజు కూలి తీసికొన్నారు. అది న్యాయమే.

మిగిలినవి నాలుగు పలకలు. వెనుక వసారాలో ఆయన చెప్పినట్లే పేర్చి, చెట్టు కూలి ఏడాది దాటేవరకు ముట్టలేదు. 2025 ఫిబ్రవరిలో వాటితో మందిరములో ఒక బెంచీ చేశాము. మామ్మగారికి మోకాళ్లు పట్టివేసి చాప మీద కూర్చోలేకపోతున్నది. కుసులు, బెజ్జాలు ఆచారిగారు కొట్టారు. చిత్రిక మేము పట్టాము. ఆరిన వేప చిత్రికకు ఎంత నునుపు తేలుతుందో, చేవ ఎరుపు ఎట్లు బయటపడుతుందో చూచితే రంగు వేయబుద్ధి కాలేదు. కానీ మామ్మగారికి ఆకుపచ్చ కావాలి.

ఈసారి తొందరపడలేదు. 80 నంబరు గరుకు కాగితముతో, తరువాత 120తో, చెక్క నార వెంబడే రుద్దాము. అడ్డముగా రుద్దితే గీతలు రంగులో కూడా కనబడతాయి. పొట్టు తుడిచి ప్రైమరు ఒక పూత, మేకుల గుంతలలో లప్పము, ఆరినాక మళ్లీ సన్న కాగితము, అటుపైన పలుచగా ఎనామిలు రెండు పూతలు, పూతకూ పూతకూ మధ్య ఒక రాత్రి. పాత కుర్చీలకు రంగు వేసేవారికి ఒక మాట. ఇంటి రంగులలో సీసము 90 పి.పి.ఎం. మించరాదనే నియమము మన దేశములో 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. అంతకు ముందటి రంగును పొడిగా రుద్దితే ఆ దుమ్ము పిల్లలకు మంచిది కాదు. తడిపి రుద్దండి, పిల్లలను దూరముగా ఉంచండి.

రెండవ పూత వేసినది శనివారము సాయంత్రము. ఆదివారము ఉదయము ఇంకా ముట్టవద్దని బెంచీ మీద కాగితము అంటించి పెట్టాము. మామ్మగారికి చదువు రాదన్న సంగతి మరిచాము. పాట మొదలయ్యే వేళకు వచ్చి, కాగితము తీసి ప్రక్కన పెట్టి, హాయిగా కూర్చున్నది. ఆరాధన ముగిసి లేచేసరికి తెల్లచీర వెనుక ఆకుపచ్చ చారలు రెండు. మా ఇంట్లోవారు పరుగున వెళ్లి కిరసనాయిలు గుడ్డ తెచ్చారు. "ఉండనీ అమ్మగారూ" అని మామ్మగారు ఆ చెయ్యి పట్టుకొని ప్రక్కకు తీసివేసింది.