పయస్విని మీద నడక

కర్ణాటకలోని సుళ్య దగ్గర ఆరంబూరు వేలాడే వంతెన ఎట్టకేలకు చూశాను. రెండు గట్ల మీదా దట్టంగా చెట్లు, కింద వానలకు ఎర్రబారిన పయస్విని నది. ఎదురుగా ఎవరైనా వస్తుంటే ఆ ఊపు ముందు మన అరికాళ్లకే తెలుస్తుంది! చూడ్డానికొచ్చిన మనకది సరదా. ఊరివాళ్లకు బడి, ఆసుపత్రి, సంత అన్నిటికీ అదే దారి.

గిరీశ్ భరద్వాజ్ గారు 1989లో కట్టిన మొదటి వంతెన ఇది. చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. తర్వాత ఇలాంటివి వందకు పైగా కట్టారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. కాలినడకన పోయేవాళ్ల కోసం ఇంత శ్రద్ధ పెట్టిన మనిషికి చేతులెత్తి మొక్కాలనిపించింది.

మన పాడేరు ఏజెన్సీలో వాగు పొంగితే గర్భిణిని డోలీలో మోసుకొచ్చి గట్టు మీదే ఆగిపోయే ఊళ్లు ఇంకా ఉన్నాయి. ఇలాంటి వంతెనలు ముందు అక్కడ పడాలి.