నీడపట్టున పూచే తెల్లపూలు

ఎండ తగలని మూల ప్రతి ఇంటికీ ఒకటి ఉంటుంది. మెట్ల కిందో, ఉత్తరపు గోడ పక్కనో, మామిడిచెట్టు మొదట్లోనో. అక్కడ బంతి వేస్తే సన్నగా సాగిపోతుంది, గులాబీ అలిగి కూర్చుంటుంది. చివరికి ఆ మూల పాత బకెట్లకూ, విరిగిన కుర్చీలకూ దక్కుతుంది. అలాంటి చోటే తనకు కావాలని కోరుకునే పూలమొక్కను చూడాలంటే మే నెలలో జర్మనీ వెళ్ళాలి.

ఆ దేశం నడిబొడ్డున తురింగియా రాష్ట్రం ఉంది. రాజధాని ఎర్ఫుర్ట్ నుంచి పడమరగా వెళితే హైనిక్ అనే అడవి వస్తుంది. ఎక్కువగా బీచ్ చెట్లే. బీచ్ అంటే సముద్రపు ఒడ్డు కాదు సుమండీ, ఆ చెట్టు పేరే అది! బూడిదరంగు నున్నటి మాను, నిటారుగా స్తంభంలా ఉంటుంది. తూర్పు జర్మనీ రోజుల్లో ఇక్కడ సైనికుల శిక్షణ జరిగేది, మామూలు జనాన్ని రానిచ్చేవారు కాదు. దాంతో గొడ్డలి దెబ్బ తప్పించుకున్న చెట్లు బోలెడు. 1997లో జాతీయ పార్కు చేశారు, 2011లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. చెట్ల తలల మీదుగా నడిచే వంతెన 2005లో కట్టారు. అందరూ దాని కోసమే వస్తారు గానీ, నన్నడిగితే చూడాల్సింది పైన కాదు, కింద.

బీచ్ చెట్లు చిగిర్చాక నేల మీదికి వెలుతురు చాలా తక్కువగా దిగుతుంది. ఆ పచ్చటి మసక వెలుగులో, ఎండుటాకుల మీద, జానెడు ఎత్తున తెల్లటి పూలు పరుచుకుని ఉంటాయి. ఒక్కో పువ్వుకు నాలుగు రెక్కలు. ముగ్గులో చుక్కంత ఉంటుంది, అంతే. ఆకులు కాండం చుట్టూ ఆరో ఎనిమిదో చొప్పున గొడుగు చువ్వల్లా వరసలు తీరి ఉంటాయి. జర్మన్లు దీన్ని వాల్డ్‌మైస్టర్ అంటారు. అడవికి పెద్ద, మేస్త్రీ అన్నట్టు అర్థం. ఇంగ్లీషులో స్వీట్ ఉడ్‌రఫ్. మనకు పరాయిది కాదండోయ్, నూరువరహాలు, కాఫీ, మంజిష్ఠ, అన్నీ ఒకే కుటుంబం.

మా అమ్మాయి పురుటికి ఎర్ఫుర్ట్ వెళ్ళినప్పుడు ఈ మొక్కతో నాకు పరిచయం కుదిరింది. వాళ్ళుండే ఇంటి వెనక ఉత్తరం వైపు కొంచెం జాగా ఉంది. గడ్డి వేస్తే గడ్డి పోయి పాచి మిగిలింది. పక్కింటి పెద్దావిడ, డెబ్భై దాటి ఉంటాయి, అది చూసి తన తోటలోంచి వేళ్ళతో సహా నాలుగు గుప్పెళ్ళు తవ్వి పాత పేపర్లో చుట్టి తెచ్చిచ్చింది. అడవిలోంచి మాత్రం తేకూడదట, జాతీయ పార్కులో మొక్కలు పెరకడం నిషేధం.

నాటే పద్ధతి ఆవిడ దగ్గరుండి చూపించింది. మట్టిని గుల్లచేసి, కుళ్ళిన ఆకుల ఎరువు బాగా కలపాలి. మొక్కకూ మొక్కకూ జానెడున్నర దూరం చాలు. చదరపు మీటరుకు ఎనిమిదో పదో పడతాయి. మొదటి ఏడాది నేల ఆరకుండా నీళ్ళు పోయాలి. తరవాత సన్నటి వేళ్ళు భూమిలోనే పాకుతూ ఖాళీ అంతా అల్లుకుంటాయి. ఎండ నేరుగా పడితే ఆకు మాడిపోతుంది. చెట్ల నుంచి రాలిన ఆకుల్ని ఊడ్చెయ్యకూడదు, అవే దానికి దుప్పటి, అవే తిండి. రోజుకు రెండుసార్లు వాకిలి ఊడ్చే అలవాటున్న మనకు ఇది కొంచెం కష్టమే! విత్తనాలతో పెంచడం ఓపిక లేనివాళ్ళ పని కాదు, చలికాలమంతా చల్లటి నేలలో పడి ఉంటే గానీ మొలకెత్తవు. అన్నట్టు ఆ గింజలకు చిన్న కొక్కేలుంటాయి, మన ఉత్తరేణిలా బట్టలకు అంటుకుంటాయి.

ఇంకో వింత. పచ్చి ఆకు నలిపి చూస్తే పెద్ద వాసనేం రాదు. కోసి నీడలో వాడబెట్టండి, కాసేపటికి కోసిన ఎండుగడ్డి వాసన, దాంట్లో కాస్త వెనిల్లా కలిసినట్టు గుప్పుమంటుంది. ఎండినకొద్దీ ఘాటు పెరుగుతుంది. మనం పట్టుచీరల మధ్య వట్టివేళ్ళు, మొగలిరేకులు పెట్టినట్టు అక్కడి ఆడవాళ్ళు దుప్పట్ల మధ్య దీని కట్టలు పెట్టేవారు, పురుగు రాదని.

మే నెలలో దీంతో పానీయం చేస్తారు. పూర్వం నుంచీ ద్రాక్షసారాలో వేయడం ఆచారం. పిల్లలున్న ఇళ్ళలో ఆపిల్ రసంతో చేస్తారు. పూలు విచ్చకముందే కోసిన రెమ్మల్ని ఒక రాత్రి వాడనిచ్చి, దారంతో కట్టి, తలకిందులుగా రసంలో వేలాడదీస్తారు. కోసిన కొసలు మాత్రం మునగకూడదు. అరగంట ఉంచి తీసేసి, నిమ్మచెక్కలు వేసి చల్లగా తాగడమే. లీటరుకు పచ్చి ఆకు మూడు గ్రాములు మించకూడదు.

ఈ లెక్క పిసినారితనం కాదు. ఆ వాసనంతా కూమరిన్ అనే పదార్థానిది. మోతాదు మించితే తలనొప్పి, మరీ ఎక్కువైతే కాలేయానికి చేటు. అందుకే పిల్లల మిఠాయిల్లో ఈ ఆకు వాడకూడదని 1970లలో అక్కడ నిషేధం పెట్టారు. షాపుల్లో ఇప్పుడు దొరికే ఆకుపచ్చ సిరప్పుల్లో చాలావాటికి రంగూ వాసనా వేరే విధంగా తెప్పించినవే. పక్కింటావిడ గ్లాసు నా చేతికిచ్చింది గానీ మా అమ్మాయికి ఇవ్వలేదు. "పాలిచ్చే తల్లి, తనకి వద్దు" అంది. పత్యం సంగతి ఏ దేశపు పెద్దమ్మకైనా ఒకరు చెప్పాలా!

ఈ కూమరిన్ మన వంటింట్లోనూ ఉంది. దాల్చినచెక్క పేరుతో బజారులో ఎక్కువగా దొరికే మందపాటి కాసియా చెక్కలో అది బాగా ఉంటుంది. క్రిస్మస్ బిస్కెట్లలో ఆ పొడి ఎక్కువగా తింటే పిల్లలకు మంచిది కాదని 2006లో జర్మనీ ప్రభుత్వ సంస్థే హెచ్చరించింది. పలావులో ఒక ముక్క వేస్తే భయం లేదు. రోజూ చెంచాడు పొడి మింగేవాళ్ళు పల్చగా, కాగితం చుట్టల్లా ఉండే సిలోన్ చెక్క కొనుక్కోవడం మేలు.

హైనిక్‌లో నాకు దిగులేసిన దృశ్యం కూడా ఒకటుంది. 2018, 2019లో వరసగా వానల్లేక బీచ్ చెట్లు చాలా దెబ్బతిన్నాయి. పైకొమ్మలు ఎండి బోసిగా నిలబడ్డాయి. అలా గొడుగు చిరిగిన చోట ఎండ నేరుగా కిందికి దిగుతుంది. నీడను నమ్ముకున్న ఈ చిన్నమొక్కకు అక్కడ నిలవడం కష్టం.

మన ఊళ్ళ వేడికి వాల్డ్‌మైస్టర్ బతకదు, తెప్పించుకుని డబ్బు పోగొట్టుకోకండి. నీడమూల ఖాళీగా ఉంటే భూచంపకం దుంపలు వేసుకోండి. వేసవిలో ఆకు రాకముందే నేలలోంచి నేరుగా పువ్వు లేస్తుంది, తెలుపూ ఊదా కలిసి, మంచి వాసనతో. తరవాత వెడల్పాటి ఆకులు నేలను కప్పేస్తాయి. చలికాలంలో ఆకులన్నీ ఎండిపోతే చచ్చిపోయిందనుకుని తవ్వి పారేసేరు! నీళ్ళు ఆపి, ఆ చోట గుర్తుకు ఒక పుల్ల గుచ్చి ఉంచండి.