తెల్వదు సారూ

తీవ్రవాదాన్ని పోలీసులు ఎట్లా పసిగడతారని అడిగితే నేటి విద్యార్థి మిత్రులు ఫోన్ టవర్లు, డ్రోన్లు, 2008 ముంబయి దాడుల తర్వాత ఏర్పడిన ఎన్.ఐ.ఎ. పేర్లు చెబుతారు. జగిత్యాల వైపు పల్లెలో పుట్టిన నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది కబురు. అడవికి పోవాలన్నా, ఠాణాకు పోవాలన్నా అది ఊళ్ళోనుంచే పోవాలి.

1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జైత్రయాత్ర జరిగింది. వెట్టి పోవాలని, దొరలు ఆక్రమించిన భూములు వదలాలని వేలమంది కూలీలు నడిచారు. మరుసటి నెలలోనే సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1980లో పీపుల్స్‌వార్ పుట్టింది. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. చనిపోయింది 13 మంది అని సర్కారు లెక్క. పౌరహక్కుల సంఘాల లెక్క అంతకు ఎన్నో రెట్లు. ఇక ఠాణాకు పోయి నోరు విప్పేదెవరు?

రాత్రి అన్నలొచ్చి అన్నం అడిగేవారు. తెల్లారితే జీపు. “ఎవరొచ్చిండ్రు? ఎటు పోయిండ్రు?” మా నాయన జవాబు ఒకటే: “తెల్వదు సారూ.” చెబితే ఇన్‌ఫార్మరని అన్నలు చంపుతారు, చెప్పకుంటే కొరియరని పోలీసులు పట్టుకపోతారు. ఒకసారి రెండు రోజులు ఉంచుకొని పంపించారు. నాయన నడవలేక ఎడ్లబండి మీద వచ్చాడు. అప్పుడూ అదే మాట.

తర్వాత వేరే ఎస్సై వచ్చారు. భూమి తగాదాలో దొర మాట పట్టకుండా కూలీల ఫిర్యాదు రాసుకున్నారు. (అదేం గొప్ప అంటారా? ఆ రోజుల్లో గొప్పే.) కొన్నాళ్ళకు నాయన తనంతట తానే పోయి, కల్వర్టు పక్కన మట్టి కొత్తగా తవ్వి ఉందని ఆయనతో చెప్పాడు. మందుపాతర దొరికింది. ఆ దారినే మా బస్సు కూడా పోయేది.

పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టమే చెప్పింది; 2024 జులై నుంచి అమలైన కొత్త చట్టమూ అంతే. మధ్యలో టాడా మాత్రం ఎస్పీ ముందు చెప్పినదాన్ని చెల్లించింది. 1995లో దాని గడువు తీరింది.

1989లో కె.ఎస్. వ్యాస్ గ్రేహౌండ్స్ దళాన్ని నిలబెట్టారు. 1993లో ఆయనను హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియంలో కాల్చి చంపారు. గ్రేహౌండ్స్ చిన్న జట్లుగా రోజుల తరబడి అడవిలో నడవడం నేర్చింది. అయితే ఎటు నడవాలో తెలిపేది ఇంటెలిజెన్స్ విభాగం. దానికి తెలిపేది మళ్ళీ లొంగిపోయినవాడో, పల్లెవాడో!

ఎన్‌కౌంటరులో మనిషి పోతే ఎఫ్.ఐ.ఆర్. రాయాలని, దర్యాప్తు సి.ఐ.డి. గానీ వేరే ఠాణావారు గానీ చేయాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. ఆ మాట 1980లలోనే వచ్చి ఉంటే, మా వైపు ఇంకొందరు నాయనలు ఠాణా దాకా నడిచేవారేమో.