మిస్సోరీ వెంట, 1952 వసంతంలో

అమెరికా ఉత్తరాది కాలేజీల్లో బేస్‌బాల్ సీజన్‌కి ముహూర్తం పెట్టేది మంచు. టెక్సస్ కుర్రాళ్లు మార్చిలోనే ఎండలో మ్యాచ్‌లు ఆడేస్తుంటారు. మసాచుసెట్స్‌లో వూస్టర్ ఊళ్లో ఉన్న హోలీక్రాస్ కాలేజీలో మాత్రం ఏప్రిల్ వచ్చేదాకా మైదానం సరిగా ఆరదు. ఎప్పుడు కరుగుతుందా, ఎప్పుడు గడ్డి కనిపిస్తుందా అని అక్కడి ఆటగాళ్లు చూసే ఎదురుచూపు అంతా ఇంతా కాదు. 1952లో దేశానికి అవతలి భాగంలో కరిగిన మంచు ఒక నదికి పూనకం తెప్పించింది. ఏప్రిల్‌లో ఆ నది ముంచెత్తబోయిన ఊరికే జూన్‌లో హోలీక్రాస్ కుర్రాళ్లు జాతీయ టైటిల్ కోసం వెళ్లాల్సి వచ్చింది. నది పేరు మిస్సోరీ, ఊరు ఒమాహా.

మిస్సోరీ పుట్టేది మోంటానా కొండల్లో, త్రీ ఫోర్క్స్ అనే చోట. జెఫర్సన్, మాడిసన్, గాలటిన్ అనే మూడు ఏర్లు అక్కడ కలుస్తాయి. 1805లో అక్కడికి చేరిన అన్వేషకులు లూయిస్, క్లార్క్ తమ అధ్యక్షుడి పేరు ఒకదానికి, ఆయన మంత్రులిద్దరి పేర్లు మిగతా రెండింటికి పెట్టారు. అక్కణ్నుంచి 3,700 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. అమెరికాలో ఇంతకన్నా పొడవైన నది లేదు.

మోంటానాలోనే ఫోర్ట్ పెక్ దగ్గర 1940లో పూర్తయిన పెద్ద మట్టి ఆనకట్ట ఒకటి ఉంది. కానీ 1952 వరద ఆ ఆనకట్టకు దిగువన పుట్టింది. తూర్పు మోంటానాలో, రెండు డకోటాల మైదానాల్లో ఆ శీతాకాలమంతా కురిసిన మంచు నేల మీద గడ్డకట్టి కూచుంది. మార్చి చివర్లో ఒక్కసారిగా ఎండలు కాశాయి. గడ్డకట్టిన నేల చుక్క నీరు కూడా ఇంకనివ్వదు కనుక కరిగిందల్లా వాగుల్లోకి, వాగులన్నీ మిస్సోరీలోకి పరుగెత్తాయి.

దాన్ని ఆపడానికి దారిలో ఇంకేమీ లేదు. ఉత్తర డకోటాలో గ్యారిసన్ ఆనకట్ట అప్పటికి కడుతూనే ఉన్నారు. ఆ ఆనకట్ట గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. దాని జలాశయం కింద మాండన్, హిడాట్సా, అరికరా తెగల నదీతీర భూములు లక్షన్నర ఎకరాల దాకా మునిగాయి. 1948లో వాషింగ్టన్‌లో ఒప్పందం మీద సంతకాలు జరుగుతుంటే ఆ తెగల నాయకుడు జార్జ్ జిల్లెట్ కళ్లద్దాలు తీసి, చేత్తో ముఖం కప్పుకుని ఏడుస్తున్న ఫొటో ఉంది. చుట్టూ సూట్లు వేసుకున్న అధికారులు కాగితం మీదికి వంగి చూస్తుంటారు. దిగువ ఊళ్లు తర్వాతి కాలంలో పొందిన వరద రక్షణలో ఆ ముంపు భూముల వెల కూడా ఉంది.

ఏప్రిల్ 6 ప్రాంతంలో ఉత్తర డకోటాలోని బిస్మార్క్ దగ్గర ప్రవాహం 5 లక్షల క్యూసెక్కులు. దక్షిణ డకోటా దాటి సూ సిటీ చేరేసరికి 4.41 లక్షలు. దారి పొడవునా ఒడ్డు దాటి పొలాల్లోకి, ఊళ్లలోకి పరుచుకుంటూ వచ్చింది కాబట్టే ఆ అంకె తగ్గింది. అంకె తగ్గిన ప్రతిచోటా ఎవరి ఇల్లో మునిగిందన్నమాట.

ఒమాహాకి వారం ముందే కబురు అందింది. నదికి పడమటి ఒడ్డున ఒమాహా, తూర్పు ఒడ్డున అయోవా రాష్ట్రంలోని కౌన్సిల్ బ్లఫ్స్. ఏప్రిల్ 16న అధ్యక్షుడు ట్రూమన్ స్వయంగా వచ్చి నదీతీర రాష్ట్రాల గవర్నర్లతో మాట్లాడారు. కౌన్సిల్ బ్లఫ్స్‌లో దాదాపు 30 వేల మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. కరకట్ట ఎత్తు సరిపోదని తేలాక దాని నెత్తిన చెక్క పలకలు నిలబెట్టి, వెనక ఇసుక బస్తాలు పేర్చారు. రాత్రిళ్లు దీపాలు పట్టుకుని కట్ట వెంట నడుస్తూ, ఎక్కడ తడి కనిపిస్తే అక్కడ ఆగి, బుంగ పడుతోందా అని వంగి చూసేవాళ్లు. ఊట నీరు తేటగా ఉంటే పరవాలేదు. మట్టి రంగుకి తిరిగిందంటే కట్ట లోపల కరుగుతోందని అర్థం. పోటు తీవ్రంగా ఉన్న సమయంలో ఒమాహా వైపు వాననీటి కాలువ ఒకటి నేల కింద బద్దలైంది. రాళ్లు, ఇనుప తుక్కు, ఏది దొరికితే అది కుమ్మరించి దాన్ని పూడ్చారు. ఏప్రిల్ 18న నది అప్పటి కొలతలో 30.2 అడుగులకు, 3.96 లక్షల క్యూసెక్కులకు చేరింది. కట్ట నిలబడింది.

తర్వాత రెండు నెలలు తిరక్కుండానే ఆ ఊరు ఎనిమిది కాలేజీ జట్లు తలపడే కాలేజ్ వరల్డ్ సిరీస్‌కి ఆతిథ్యం ఇచ్చింది. ఈ పోటీ చరిత్రలో చెప్పుకోదగ్గ విషయాల్లో ఇదొకటి. కానీ స్కోర్ల పట్టికల్లో కనిపించదు.

ఆ సిరీస్ అప్పటికి పసిబిడ్డ. 1947, 48ల్లో మిషిగన్‌లోని కలమజూలో జరిగింది. ఆ రెండేళ్లూ ఓడిన యేల్ జట్టులో ఫస్ట్ బేస్ దగ్గర నిలబడ్డ కుర్రాడే తర్వాత దేశాధ్యక్షుడైన జార్జ్ బుష్ సీనియర్. 1949లో విచిటాకి మారి, 1950లో ఒమాహా చేరింది. కొత్తగా కట్టిన మునిసిపల్ స్టేడియం ఊరికి దక్షిణాన గుట్ట మీద ఉండేది. అప్పట్లో మేజర్ లీగ్ జట్లన్నిటికీ పడమటి సరిహద్దు సెయింట్ లూయిస్. దానికి పడమట ఉన్న ఒమాహాకి మైనర్ లీగ్ జట్టే దిక్కు. స్థానిక ఆటగాడిగా పేరు తెచ్చుకున్న జానీ రోజెన్‌బ్లాట్, మరికొందరు నగర పెద్దలు పట్టుబట్టి ఈ పోటీని తమ ఊరికి తెచ్చుకున్నారు. తొలి ఏళ్లలో నష్టం వచ్చినా వదిలిపెట్టలేదు.

1952 జూన్‌లో అక్కడ ఇద్దరు పెద్దాయనలు కనిపిస్తారు. హోలీక్రాస్ కోచ్ జాక్ బ్యారీకి 65 ఏళ్లు. డ్యూక్ విశ్వవిద్యాలయం కోచ్ జాక్ కూంబ్స్‌కి 69. నాలుగు దశాబ్దాల కిందట ఇద్దరూ ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ అనే మేజర్ లీగ్ జట్టులో కలిసి ఆడారు. 1910, 1911ల్లో వరల్డ్ సిరీస్ గెలిచారు. 1910లో కూంబ్స్ పిచర్‌గా, అంటే బంతి విసిరేవాడిగా, 31 మ్యాచ్‌లు గెలిస్తే, బ్యారీ ఆయన వెనక రెండో, మూడో బేస్‌ల మధ్య కాచే షార్ట్‌స్టాప్‌గా నిలబడ్డాడు. ఇప్పుడు ఇద్దరూ మనవళ్ల వయసు పిల్లల్ని వెంటేసుకుని ఒకే ఊరు చేరారు. కూంబ్స్‌కి అది డ్యూక్‌లో ఆఖరి ఏడు. ఆయన జట్టులోని షార్ట్‌స్టాప్ డిక్ గ్రోట్ ఆ నెలలోనే మైనర్ లీగ్ గడప తొక్కకుండా నేరుగా పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కి ఆడటానికి వెళ్లాడు.

రెండుసార్లు ఓడితేనే ఇంటికి, అదీ పోటీ నియమం. హోలీక్రాస్ ఒకసారి ఓడింది, మిస్సోరీ విశ్వవిద్యాలయం చేతిలో 1-0 తేడాతో. ఆ నది పేరే పెట్టుకున్న రాష్ట్రం జట్టు అది. ఇక ప్రతి మ్యాచ్ చావోరేవో. బౌలర్‌ని మారుస్తూ ఓవర్లు పంచుకునే క్రికెట్ తీరు ఈ ఆటలో లేదు. ఆ రోజుల్లో పిచర్ మొదలుపెట్టాడంటే చాలావరకు తొమ్మిది ఇన్నింగ్స్ అతనివే. విశ్రాంతి లేకపోతే చేయి బరువెక్కుతుంది, బంతి వేగం పడిపోతుంది. బ్యారీ ముఖ్యంగా జిమ్ ఓనీల్, రోనీ పెర్రీ అనే ఇద్దరు పిచర్ల మీద ఆధారపడ్డాడు. టెక్సస్‌ని, పెన్ స్టేట్‌ని దాటి, మళ్లీ మిస్సోరీనే ఎదుర్కొని రెండుసార్లు ఓడించాలి. ఓడించారు. ఆఖరి మ్యాచ్ స్కోరు 8-4. మూడు మ్యాచ్‌లు గెలిపించిన ఓనీల్ టోర్నీ ఉత్తమ ఆటగాడయ్యాడు. మంచు కరిగేదాకా ఆట మొదలుపెట్టలేని ఈశాన్య రాష్ట్రాల నుంచి ఈ టైటిల్ గెలిచిన జట్టు ఇప్పటికీ అదొక్కటే. పెర్రీ రెండేళ్ల తర్వాత అదే కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుతో జాతీయ ఆహ్వాన టోర్నీ కూడా గెలిచాడు.

తర్వాత ఎగువన ఆనకట్టలన్నీ పూర్తయి నది అదుపులోకి వచ్చింది, చాలావరకు. 2011లో ఈ పోటీ గుట్ట దిగి నదికి దగ్గర్లో కట్టిన కొత్త స్టేడియానికి మారింది. సరిగ్గా ఆ జూన్‌లోనే, ఎగువన గావిన్స్ పాయింట్ ఆనకట్ట గేట్ల నుంచి 1.6 లక్షల క్యూసెక్కులు వదలాల్సి వచ్చి, ఒమాహా మళ్లీ కట్టల మీద కాపలా కాసింది. ఆటలు ఆగలేదు.

ఒమాహా దాటాక ప్లాట్ నది వచ్చి కలుస్తుంది. మిస్సోరీ కాన్సస్ సిటీ దగ్గర తూర్పుకి మళ్లి, కొలంబియా ఊరికి కాస్త దక్షిణంగా సాగుతుంది. 1952లో ఓడిన మిస్సోరీ విశ్వవిద్యాలయం జట్టు ఇంటికి చేరింది అక్కడికే. ఆ జట్టు కోచ్ హై సిమన్స్ ఆ ఓటమిని మనసులో పెట్టుకున్నాడో ఏమో, 1954లో మళ్లీ ఒమాహా వచ్చి రోలిన్స్ కాలేజీని 4-1తో ఓడించి టైటిల్ పట్టుకెళ్లాడు. 1958లో సదరన్ కాలిఫోర్నియా చేతిలో పన్నెండు ఇన్నింగ్స్ పోరాడి 8-7తో ఫైనల్ చేజార్చుకున్నాడు. 1964లో మరోసారి రన్నరప్. ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయ మైదానం ఆయన పేరుతోనే ఉంది.

సెయింట్ లూయిస్‌కి ఎగువన మిస్సోరీ వెళ్లి మిసిసిపీలో పడుతుంది. పడ్డా వెంటనే కలవదు. బురద నీళ్లు కుడి ఒడ్డునే పట్టుకుని కొంత దూరం విడిగా పారతాయి. ఒమాహాలో డ్యూక్ తరఫున ఆడిన గ్రోట్ పిట్స్‌బర్గ్ మీదుగా సెయింట్ లూయిస్‌కే చేరి, 1964లో కార్డినల్స్ షార్ట్‌స్టాప్‌గా వరల్డ్ సిరీస్ గెలిచాడు. ఎగువన ఒమాహాలో గుట్ట మీది మైదానానికి రోజెన్‌బ్లాట్ పేరు పెట్టింది ఆ ఏడే.